పుల్ల రంగు

ఆ సంతాన సాఫల్య కేంద్రంలో అందరూ ఆయన్ని చలి బాబాయ్ అంటారు. చేసేది చలితో పని కాబట్టి ఆ పేరు అతుక్కుంది. మూడో అంతస్తులో, ల్యాబు వెనక చివరి గదిలో ఆరు స్టీలు ట్యాంకులుంటాయి, ఒక్కొక్కటి మనిషి నడుమెత్తు. వాటిలో ఉండేది లిక్విడ్ నైట్రోజన్. సున్నాకు నూట తొంభై ఆరు డిగ్రీల కింద ఉండే చలి అది, వేలు పెడితే వేలు మిగలదు. ఆ చలిలో, పుల్లల్లాంటి సన్నటి స్ట్రాల్లో, ఇంకా ఏ తల్లి కడుపులోకీ వెళ్లని పిండాలు ఏళ్ల తరబడి కదలకుండా ఉంటాయి. నైట్రోజన్ మాత్రం కదలకుండా ఉండదు, రోజూ కాస్త కాస్త ఆవిరైపోతుంది. ఎంత తగ్గిందో చూడడం, తగ్గినంతా నింపడం బాబాయ్ పని. తొమ్మిదేళ్లుగా వారానికి రెండుసార్లు ఆ పనే చేస్తున్నాడు.

అంతకుముందు ముప్ఫై ఏళ్లు పశువుల ఆసుపత్రిలో చేశాడు. మోటారు సైకిల్ వెనక నైట్రోజన్ క్యాను కట్టుకుని ఇంటింటికీ తిరిగి ఆవులు చూలు కట్టడానికి సూదులు వేసినవాడు. "ఎన్ని కడుపులు పండించిన చెయ్యో ఇది" అని తన చేతిని తనే చూసుకుని మురిసిపోయేవాడు. ల్యాబులో అమ్మాయిలు, మమ్మల్నీ ఆవుల్లో కలిపేశారా బాబాయ్ అని నవ్వేవాళ్లు. ఆయనకు ఆ నవ్వులంటే ఇష్టం.

నైట్రోజన్ ఎంతుందో చూడడానికి మీటర్లూ గీటర్లూ అక్కర్లేదు, ఒక పొడవాటి ప్లాస్టిక్ పుల్ల చాలు. దాన్ని ట్యాంకు అడుగుదాకా దించి, పది అంకెలు లెక్కపెట్టి, బయటికి తీసి గాలిలో అటూ ఇటూ ఆడించాలి. అప్పుడు గాలిలో ఉన్న తేమంతా వచ్చి పుల్లకు మంచులా పట్టుకుంటుంది. లోపల ఎంతవరకు నైట్రోజన్ ఉందో సరిగ్గా అంతవరకే పడుతుంది, ఒక్క గోరు పైకి పోదు. ఎన్ని వేలసార్లు చూశాడో, ఆ తెలుపు పుల్ల మీదికి పాకే క్షణంలో మాత్రం బాబాయ్ ఇప్పటికీ ఊపిరి బిగబట్టి నిలబడిపోతాడు. రోజంతా పుల్లలు పెట్టే మనిషివి, జన్మలో ఒక్క తగాదా పెట్టలేకపోయావు అని ఇంట్లో భార్య ఎగతాళి చేస్తుంది.

అయిదు ట్యాంకులకు నీలం పుల్ల. ఆరోదానికి, గది మూలలో విడిగా ఉన్నదానికి, ఎర్ర పుల్ల. రక్తంలో హెచ్ఐవీయో హెపటైటిస్సో ఉన్న దంపతుల పిండాలు అందులో ఉంటాయి. కొత్తలో బాబాయ్ దాన్ని చెడ్డ ట్యాంకు అనేవాడు. దాని మూత తీసేటప్పుడు ముక్కు బిగబట్టి, గబగబా పని ముగించి పక్కకు వచ్చేసేవాడు. ల్యాబును నడిపే పెద్ద మేడమ్ ఒకసారి అది చూసింది. గొంతు పెంచే మనిషి కాదావిడ, కానీ ఆవిడ మెల్లగా మాట్లాడితేనే అందరికీ భయం.

"చెడ్డ ట్యాంకు అని ఏదీ లేదు బాబాయ్. వేరే ట్యాంకు, అంతే. ఆ తల్లిదండ్రులూ మిగతావాళ్లలాగే కళ్లల్లో వత్తులు వేసుకుని చూస్తున్నారు."

ఇంత చలిలో ఏ పురుగైనా చచ్చిపోతుంది కదా, మరి రెండు పుల్లలెందుకని ఆయన అడిగాడు. చలి దేన్నీ చంపదని ఆవిడ చెప్పింది. పిండాన్ని ఎంత భద్రంగా దాస్తుందో వైరస్‌నీ అంతే భద్రంగా దాస్తుందట. ఏళ్లు గడిచాక పైకి తీసినా అది లేచి కూర్చోగలదట. ఆ మాట విన్నాక చాలా రోజులు బాబాయ్‌కి ట్యాంకు మూత తీసినప్పుడల్లా ఒళ్లు జలదరించింది. ముప్ఫై ఏళ్లు వీపు వెనక క్యాను మోసిన మనిషికి అందులో ఏముందో అప్పుడే తెలిసినట్టయింది.

అందుకే ఆ గదికి ఒక క్రమం ఉంది. ముందు అయిదు ట్యాంకులు నీలం పుల్లతో చూసి నింపాలి. అన్నీ అయ్యాకే ఆఖర్న ఆరోది. చేయి జారినా ఇక్కడిది అక్కడికి పోవచ్చు గానీ అక్కడిది ఇక్కడికి రాకూడదు. ప్రతి ట్యాంకు ముందూ తగిలించిన రిజిస్టరులో తేదీ, మట్టం, పుల్ల రంగు రాసి సంతకం పెట్టాలి. బాబాయ్ తొమ్మిదేళ్లలో ఒక్కసారీ ఆ క్రమం తప్పలేదు. తప్పలేదని కాస్త గర్వం కూడా ఉంది.

మూడో ట్యాంకులో ఆయన కూతురి పిండం ఉంది.

ఉన్నది ఒక్కటే. ఆ పిల్లకు ముప్ఫై ఎనిమిదేళ్లు. పెళ్లయి పన్నెండేళ్లు, ఈ వైద్యం మొదలుపెట్టి నాలుగేళ్లు. రెండు పిండాలు పెట్టారు, రెండూ నిలవలేదు. ఇంక గుడ్లు దొరికే ఆశ లేదని డాక్టరు చెప్పేసింది. మిగిలిన ఒక్కదాన్నీ పెడదామంటే మూడు నెలలుగా గర్భసంచి లోపలి పొర పిండం నిలిచేంత మందంగా కుదరక వాయిదా పడుతూ వచ్చింది. ఎన్ని మాత్రలు మింగిందో, ఎన్ని ఇంజెక్షన్లు పొడిపించుకుందో, ఈ నెలలోనే అది కుదిరింది. గురువారం మధ్యాహ్నం ముహూర్తం అన్నట్టు ఇంట్లో అందరూ ఆ రోజు కోసమే బతుకుతున్నారు.

తప్పు జరిగింది మంగళవారం పొద్దున.

బాబాయ్ వచ్చేసరికే ఆరో ట్యాంకు అలారం కుయ్యో మొర్రో అంటోంది. దాని మట్టం బాగా పడిపోయింది. అలారం మోగితే ఆ ట్యాంకునే ముందు చూడాలి, అందులో ఏ తప్పూ లేదు. ఆయన ఎర్ర పుల్లతో కొలిచి, నింపి, మళ్లీ కొలిచి, అలారం ఆపాడు. అప్పుడు గ్లౌజులు మార్చి, ఎర్ర పుల్లను దాని కొక్కేనికి తగిలించి, నీలం పుల్ల అందుకోవాలి. గ్లౌజులు మార్చాడు. పుల్ల మాత్రం చేతిలోనే ఉండిపోయింది. క్యాను తర్వాత క్యాను ఒకే పుల్లతో చూసుకుంటూ పోయిన ముప్ఫై ఏళ్ల చేయి అది. మనసంతా గురువారం మీద ఉంది. పైగా గురువారానికి ముందు ఒకసారి చూసుకుందామని మొదటి రెండూ వదిలి తిన్నగా మూడోదాని దగ్గరికే వెళ్లాడు. మూత తీశాడు, దించాడు, పది లెక్కపెట్టాడు, తీసి గాలిలో ఆడించాడు.

మంచు ఎక్కింది. తెల్లటి మంచు, దాని పైన ఎర్రటి పుల్ల.

అలవాటులో పొరపాటు అంటారు చూడండి, అదే. ఆ ట్యాంకులో నలభై మూడు కుటుంబాల స్ట్రాలున్నాయి. కడివెడు పాలకు ఒక్క విషపు చుక్క చాలంటారు. ఆ చుక్క తన చేతి నుంచే పడిందేమో.

మూత వేసి, పుల్లను దాని కొక్కేనికి తగిలించి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గదిలో ఎవరూ లేరు. కెమెరా ఉంది గానీ అది పాతకాలపుది, బొమ్మ నలుపూ తెలుపే. అందులో ఎరుపూ నీలమూ ఒకటే బూడిద రంగు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత ఆయనకు ఆ క్షణంలో గుర్తుకొచ్చింది, గుర్తుకొచ్చినందుకు తన మీద తనకే రోత పుట్టింది. చెబితే ట్యాంకుకు తాళం పడుతుంది. పరీక్షలంటారు, ఆగమంటారు. అతికష్టం మీద కుదిరిన పొర కాస్తా కరిగిపోతుంది. చెప్పకపోతే, ఏమీ కాకపోవచ్చు. స్ట్రాలన్నీ రెండు కొసలా కరిగించి మూసినవే. మిగతా కేంద్రాల్లో త్వరగా గడ్డకట్టడం కోసం తెరిచే ఉంచుతారట, ఈ మేడమ్ మాత్రం పట్టుబట్టి ప్రతిదానికీ సీలు వేయిస్తుంది. ఈ నూలుపోగు గొట్టానికి వెల్డింగ్ షాపు పెట్టారేంటమ్మా అని తనే ఎన్నోసార్లు వెక్కిరించాడు. ఆ వెల్డింగే ఇప్పుడు దిక్కు.

రిజిస్టరు తీశాడు. తేదీ రాశాడు, మట్టం రాశాడు. పుల్ల రంగు దగ్గర పెన్ను ఆగింది. వెనకటి తొమ్మిదేళ్ల పేజీల్లో తన చేతిరాతే, నీలం, నీలం, నీలం. ఇంకొక్క నీలం రాస్తే వాటిలో కలిసిపోతుంది.

ఎంతసేపు నిలబడ్డాడో ఆయనకే తెలియదు. మిగిలిన నలభై రెండు ఇళ్లల్లోనూ తనలాంటి తండ్రులుంటారు కదా అనుకున్నాడు. వాళ్లెవరికీ ఈ గది తాళంచెవి లేదు. వాళ్ల తరఫున ఇక్కడ ఉన్నది తానొక్కడే. ఎరుపు అని రాశాడు. సంతకం పెట్టి, రిజిస్టరు చంకలో పెట్టుకుని పెద్ద మేడమ్ దగ్గరికి నడిచాడు.

ఆవిడ చదివింది. తిట్టలేదు. కుర్చీ చూపించి, మంచినీళ్లు తాగమని, మొదటి నుంచి చివరిదాకా చెప్పించుకుని రాసుకుంది. పావుగంటలో మూడో ట్యాంకుకు పసుపు టేపు పడింది. అందులోంచి కాస్త నైట్రోజన్ తీసి, ఆవిరి కానిచ్చి, అడుగున మిగిలిందాన్ని వైరస్ పరీక్షకు పంపారు. ఫలితం రావడానికి అయిదు రోజులు. సీళ్లున్నాయి కాబట్టి ప్రమాదం ఉండీ లేనంత అని, కానీ పరీక్షించి చూడకుండా 'ప్రమాదం లేదు' అనే హక్కు తనకు లేదని ఆవిడ చెప్పింది. అన్ని కుటుంబాలకూ చెప్పాలి, ఈ వారంలో వంతు ఉన్నవాళ్లకు ముందు చెప్పాలి. ఆ వారంలో వంతు ఉన్నది ఒక్కరికే.

"డాక్టరు గారు మాట్లాడేదాకా మీరు అమ్మాయితో ఏమీ అనొద్దు బాబాయ్" అంది.

డాక్టరు రెండు దారులూ కూతురి ముందు పెట్టింది. అయిదు రోజులు ఆగితే ఈ నెల పోతుంది, మళ్లీ పొర ఎప్పుడు కుదురుతుందో చెప్పలేం. గురువారమే కానిద్దామంటే స్ట్రాను మందుతో తుడిచి, కొత్త కత్తెరతో కోసి, చేయగలిగిన జాగ్రత్తలన్నీ చేస్తాం. నిర్ణయం మీదే.

ఆ సాయంత్రం కూతురు పుట్టింటికి వచ్చింది. గడప దాటి లోపలికి రాలేదు. తేలు కుట్టినవాడిలా కూర్చున్న తండ్రిని చూసి, "నీ పుల్లకు నా ట్యాంకే దొరికిందా నాన్నా?" అంది. ఆయన నోరు తెరిచేలోపు వెళ్లిపోయింది. భార్య ఆ పూట కంచం ఠంగుమని పెట్టింది, ఆయన తినలేకపోతే తీసేసింది.

ఆ పిల్ల ఏం పని చేస్తుందో ఇక్కడ చెప్పాలి. మందుల సీసాల ఫ్యాక్టరీలో మూతల సీళ్లు తనిఖీ చేస్తుంది. సీసాల్ని రంగునీళ్లలో ముంచి, పైన గాలి లాగేసే యంత్రంలో పెడతారు. సీలులో వెంట్రుకవాసి సందున్నా రంగు లోపలికి పోతుంది. పదిహేనేళ్లుగా అదే పని, సీలు గట్టిది అని ఎవరైనా నోటితో చెబితే నమ్మే మనిషి కాదు. బుధవారం పొద్దున తిన్నగా పెద్ద మేడమ్ దగ్గరికి వచ్చి, తన స్ట్రాకు సీలు వేసిన యంత్రమేదో చూపించమంది. పది ఖాళీ స్ట్రాలకు తన కళ్లముందే సీలు వేయమంది. విడిగా ఒక చిన్న క్యానులో నైట్రోజన్ పోయించి, పదింటినీ అందులో ముంచి తీయించింది. చలికి బిగిసిన సీలు పగలదని ఎవరు చూశారు అని అడిగిందట. తర్వాత వాటిని కాగితంలో చుట్టుకుని ఫ్యాక్టరీకి పట్టుకుపోయింది.

సాయంత్రం బాబాయ్ వరండాలో వెళ్తుంటే మేడమ్ గదిలో బల్ల మీద తెల్లకాగితం, దాని మీద వరసగా పది స్ట్రాలు కనిపించాయి. బయటంతా సిరా రంగు పట్టి ఉన్నాయి. మేడమ్ ఒకదాన్ని తుడిచి దీపం ముందు పెట్టింది. లోపల పొడిగా, తెల్లగా, అద్దంలా ఉంది. పదిలో ఒక్కదానిలోనూ ఒక్క చుక్క దిగలేదు. గోటి కింద పెడితే కనిపించనంత చిన్న సీలు. దాని అవతల చలీ వైరసూ సముద్రమంత ఉన్నా, ఇవతల ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. తాను వెక్కిరించిన వెల్డింగ్ షాపును తలుచుకుని బాబాయ్ సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గు వెనకే, ఇలాంటిది చేసే మనుషులున్నారా అని ఒక ఆశ్చర్యం ఆయన్ని నిలువెల్లా కమ్మేసింది.

"రేపే కానివ్వమంది" అని మేడమ్ చెప్పింది. "ఒక షరతు పెట్టింది. ట్యాంకులోంచి మీరే తీయాలట."

తానా అన్నట్టు చూశాడు బాబాయ్.

"నేనూ అదే అడిగాను. ఎరుపుని ఎరుపు అని రాసినవాడే తీయాలి అంది."

గురువారం పొద్దున బాబాయ్ గౌను, టోపీ, మాస్కు వేసుకుని, మోచేతులదాకా కడుక్కుని నిలబడ్డాడు. తొమ్మిదేళ్లలో ట్యాంకు గది దాటి ల్యాబు లోపలికి ఆయన అడుగుపెట్టబోవడం అదే మొదలు. ముందు ట్యాంకు గదిలో పసుపు టేపు తీశారు. మూత ఎత్తితే తెల్లటి ఆవిరి అంచు దాటి పొంగి నేలమీద పాకింది. వారానికి రెండుసార్లు చొప్పున ఈ రెండేళ్లలో రెండు వందలసార్లు ఈ పిండానికి చలి పోశాడు. కళ్లతో ఎన్నడూ చూడలేదు. ఆ స్ట్రా ఉన్న చిన్న బుట్టను ట్యాంకు మెడదాకా లేపి పట్టుకున్నాడు.

మేడమ్ పట్టకారుతో స్ట్రా తీసి, చిన్న నైట్రోజన్ గిన్నెలో పెట్టి ల్యాబులోకి తెచ్చింది, వెనకే బాబాయ్ నడిచాడు. మందుగుడ్డతో ఒకసారి, మరో గుడ్డతో ఇంకోసారి తుడిచింది. ఒక అమ్మాయి స్ట్రా మీది పేరు బిగ్గరగా చదివింది, రెండో అమ్మాయి ఫైలులోని పేరు చదివింది. ఒకరి పిండం ఒకరికి పోకుండా అలా ఇద్దరు చదవాలి. బంధువు కాబట్టి బాబాయ్ నోరెత్తకూడదు. ముప్ఫై ఎనిమిదేళ్ల కిందట ఒక వానపొద్దున, ఆసుపత్రి మెట్ల మీద భార్యతో అరగంట వాదించి గెలిచి తాను పెట్టిన పేరు అది. ఇన్నాళ్లూ అంత చలిలో ఒక సన్న గొట్టం మీద ఉండి, ఇప్పుడు గదిలో రెండుసార్లు వినిపించింది. మాస్కు కింద ఆయన పెదవులు కదిలాయి.

కత్తెర పడింది. పిండం గోరువెచ్చటి నీళ్లలాంటి ద్రవంలోకి జారింది. కాసేపటికి మేడమ్ పక్కకు జరిగి, చూడండి అంది.

బాబాయ్ సూక్ష్మదర్శినిలోకి వంగాడు. నలిపి ఉండ చేసిన కాగితంలా ఏదో ముడుచుకుని ఉంది. ఇదేనా అనుకున్నాడు, ఉసూరుమన్నాడు. ఆవిడకు అది వినిపించినట్టుంది, రెండు గంటలు ఆగమంది. ఆ రెండు గంటలూ ఆయన బయట బల్ల మీద కూర్చున్నాడు. ఎవరో టీ తెచ్చి పెట్టారు, అది చల్లారిపోయింది.

మళ్లీ పిలిచారు, మళ్లీ వంగాడు. ఉండ విప్పుకుంది. గుండ్రంగా, నిండుగా, లోపల వెలుతురు నింపినట్టు ఉంది. ఒక పక్కన చిన్న గుంపుగా కణాలు, అదే బిడ్డయ్యేది అని మేడమ్ చెప్పింది. ఆయన చూస్తుండగానే దాని గోడ సన్నగా ఒకసారి ముడుచుకుని మళ్లీ నిండింది. రెండేళ్లు రాయిలా పడి ఉండి, వెచ్చదనం తగలగానే, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే బతకడం మొదలుపెట్టింది. వేల కడుపులు పండించిన చెయ్యి అని మురిసిపోయిన మనిషికి, తాను ఇన్నాళ్లూ మోసిందేమిటో ఇప్పుడు కనిపించింది. కళ్లు తుడుచుకుందామంటే చేతులకు గ్లౌజులున్నాయి, అలాగే వదిలేశాడు.

ల్యాబుకూ పక్కనున్న ఆపరేషన్ గదికీ మధ్య చిన్న కిటికీ ఉంది. మేడమ్ దాన్ని తెరిచి పేరు మూడోసారి చదివింది. అవతల బల్ల మీద పడుకున్న మనిషి తనే అని చెప్పాలి, అప్పుడే పిండాన్ని అందిస్తారు.

"నేనే" అంది కూతురు. మంగళవారం సాయంత్రం తర్వాత తండ్రి ఆమె గొంతు వినడం అప్పుడే. "నాన్న చూశాడా?" అని అడిగింది.

చూశాడని మేడమ్ చెప్పింది.

"అయితే కానివ్వండి."

అయిదో రోజున నైట్రోజన్ రిపోర్టు వచ్చింది, వైరస్ జాడ లేదు. నలభై మూడు కుటుంబాలకూ మళ్లీ కబురు వెళ్లింది. మేడమ్ కొత్త రూలు పెట్టింది. పుల్ల దించే ముందు దాని రంగు బిగ్గరగా చెప్పాలి, పక్కన ఉన్న రెండో మనిషి కూడా చూసి చెప్పాలి. అరవై ఏళ్లొచ్చాక నాకు రంగులు నేర్పిస్తున్నారు అని బాబాయ్ గొణిగాడు, కానీ ఒక్కరోజూ తప్పలేదు. ఆరో ట్యాంకు దగ్గర ఇప్పుడు ఆయన ముక్కు బిగబట్టడం లేదు. మూత తీసి, మంచు ఎక్కేదాకా తీరిగ్గా నిలబడి చూస్తున్నాడు.

రెండు వారాల తర్వాత ఒక ఉదయం ఆయన మూడో ట్యాంకు ముందు, రెండో మనిషి కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. తలుపుకున్న అద్దం మీద ఎవరో తట్టారు. కూతురు. కింద అంతస్తులో కడుపు నిలిచిందో లేదో తేల్చే రక్తపరీక్ష చేయించుకుని తిన్నగా పైకి వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. చేతిలోని కాగితాన్ని అద్దానికి ఆనించి పట్టుకుంది. ఆయనకు అంకెలు అర్థం కాలేదు. దాని పక్కన కూతురి ముఖం ఉంది, అది అర్థమైంది.

ఏం చేయాలో తెలియక చేతిలో ఉన్న పుల్లను పైకెత్తి చూపించాడు. "నీలం" అన్నాడు, సగం గాలిగా.

కూతురు పుల్ల వంక చూసింది. కళ్లు తుడుచుకుని మరోసారి, పనిలో చూసినట్టు, శ్రద్ధగా చూసింది.

"నీలమే నాన్నా" అంది అద్దం అవతల నుంచి.

ఆయన మూత తీశాడు.